భుజం చూసి అందుకునే పాట

స్టూడియో వెనక వీధి, మేడమీది గది
వానలు మొదలైన వారం

అక్కా,

ఫోనుండగా వీడికి ఉత్తరమేమిటి అనుకుంటావు. గొంతు డాక్టరు నా నోరు మూయించాడు. పాడేటప్పుడు తప్ప పెదవి కదపకూడదట. టీ కావాలన్నా పలక మీద రాసి చూపిస్తున్నాను. చిన్నప్పటి నుంచీ నువ్వు చెప్పి చెప్పి సాధించలేనిది ఆయన ఒక్క చీటీతో సాధించాడు.

ముప్పై ఏళ్లు అరిచినదానికి ఇదీ ఫలితం. పైస్థాయి పోయింది. చీకట్లో మేడ ఎక్కుతూ ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే ఎలా ఉంటుందో, పాటలో ఆ చోటికి వచ్చేసరికి నాకు అలా ఉంటుంది. అందుకని దిగులేమీ పడటం లేదు. కింద చాలా మెట్లున్నాయి, వాటి మీద ఎప్పుడూ కూర్చోలేదు.

కొత్త ఆల్బమ్ మొదలుపెట్టాను. ఈసారి రాక్ కాదు, బ్లూస్. అదేమిటని అడుగుతావు కాబట్టి చెప్తున్నా. నెమ్మదిగా సాగే పాట. ఒక మాట పాడతాం. ఎవరూ నమ్మలేదేమో అన్నట్టు అదే మాట ఇంకోసారి పాడతాం. మూడోసారి దానికి మనమే జవాబు చెప్పుకుంటాం. అంతే. నువ్వు పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని చేసేదీ దాదాపు ఇదే.

"మీ అభిమానులు గెంతడానికి వస్తారు సార్, కూర్చోడానికి కాదు" అన్నాడు కంపెనీ పెద్దాయన. వాళ్లకీ ఈపాటికి మోకాళ్లనొప్పులు వచ్చి ఉంటాయని పలక మీద రాసి చూపించాను. నవ్వాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియలేదు.

ఇక అసలు సంగతి. నాకు బావ కావాలి.

డ్రమ్ములకు కుర్రాళ్లను పిలిచి చూశాను. వేళ్లలో మెరుపులున్నాయి వాళ్లకి. కానీ ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని లెక్కపెట్టి నన్ను పాడమంటారు. లెక్కపెట్టి పాడటం నాకేం తెలుసు? మన పెరటి షెడ్డులో మొదలెట్టిన రోజు నుంచీ బావ ఎడమ భుజం చూసి అందుకోవడమే నాకు తెలుసు. మొదటి దెబ్బ వెయ్యబోయే ముందు ఆ భుజం రవ్వంత పైకి లేస్తుంది. అది లేస్తే నా నోరు తెరుచుకుంటుంది. వేదికల మీద జనానికి వీపు పెట్టి నిలబడతానని పేపర్లవాళ్లు పొగరు అని రాసేవాళ్లు. పొగరూ లేదు, పాడూ లేదు. భుజం కోసం నిలబడేవాణ్ణి.

మా బృందం చెదిరాక బావ డ్రమ్ములు అటకెక్కించాడు. విసుగెత్తిందన్నాడు. నేను నమ్మాను. ఇప్పుడు కొంచెం విసుగు పక్కనపెట్టి రమ్మను. రెండు పాటలు చాలు.

నీ తమ్ముడు


ఇల్లు, ముందుగది
అదే వారం చివర

తమ్ముడికి ఆశీస్సులు.

గొంతు జాగ్రత్త. వేడినీళ్లు తాగు. తలకింద దిండు ఎత్తుగా పెట్టుకో.

మీ బావ రారు. ఆయన్ని అడగకు. ఫోను ఆయన కుర్చీ పక్కనే ఉంటుంది, కాబట్టి డాక్టరు మాట్లాడమన్నా ఇంటికి ఫోను చెయ్యకు. ఉత్తరాలు నా పేరునే రాయి.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. కుట్టుపని చేతినిండా ఉంది. బడి దుస్తులు పొడవు పెంచడం, పెళ్లిబట్టలు వెడల్పు చెయ్యడం. పిల్లలు ఎదుగుతున్నారు, పెద్దవాళ్లు లావెక్కుతున్నారు.

రోజూ నీ గొంతు కోసం కూడా ప్రార్థిస్తున్నాను.

అక్క


స్టూడియో వెనక వీధి, మేడమీది గది
వాన తెరిపిచ్చిన రోజు

అక్కా,

నీ ఉత్తరం చదివాను. నువ్వు చాకలి పద్దు రాసే చీటీలో కూడా ఇంతకన్నా ఎక్కువ మాటలుంటాయి.

నీ మాట దాటను, బావను అడగను. కానీ అక్కా, నా తిప్పలు విను. ఇప్పుడు చెవిలో యంత్రం పెట్టుకుని పాడుతున్నాను. గడియారంలా టక్కు టక్కుమని కొడుతుంది, దాన్ని పట్టుకుని పోవాలి. అద్దం అవతల మీటల ముందు కూర్చునే ఆయన ఉన్నాడు, అందరూ ఆయన్ని మీటల మాస్టారంటారు, మంచివాడు. నిన్న పాట అయ్యాక హెడ్‌ఫోన్లు తీసి, "ఎక్కడా తప్పు లేదు" అన్నాడు. తప్పు లేకపోవడమే వినిపిస్తోంది నాకు. ఇస్త్రీ చేసి హ్యాంగరుకు తగిలించిన చొక్కాలా ఉంది పాట. లోపల మనిషి లేడు.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. పోయినసారి నేను వచ్చినప్పుడు బావ నాకు చెయ్యి అందివ్వలేదు. ఉన్నంతసేపూ కుడిచెయ్యి జేబులోనే ఉంది. నేను తిని లేచాకే భోజనానికి కూర్చున్నాడు. గుమ్మం దాకా వచ్చి సాగనంపలేదు. బృందం చెదరడానికి కారణం నేనేనని ఆయన మనసులో పెట్టుకున్నాడనుకున్నాను. నాకూ రోషం వచ్చింది. అందుకే ఇన్నాళ్లూ గడప తొక్కలేదు. అది కోపమేనా?

దీంతో ఒక సీడీ పంపుతున్నాను. కొత్త పాటల్లో అన్నిటికన్నా నెమ్మదైనది. గిటారూ, నేనూ. డ్రమ్ములున్న చోటంతా ఖాళీగా వదిలేశాను. నీకోసమే. బావ ఇంట్లో లేనప్పుడు విను.

నీ తమ్ముడు


ఇల్లు, ముందుగది
కొంత ఆలస్యంగా

తమ్ముడికి ఆశీస్సులు.

కోపం కాదు.

మీ బావకు జబ్బు. నరాలది. డాక్టరు పేరు చెప్పాడు, ఆ పేరు మా ఇంట్లో మేం పలకం. కుడిచెయ్యి వణుకుతుంది. చిత్రమేమిటంటే, ఊరికే ఉన్నప్పుడే వణుకుతుంది. గ్లాసు అందుకోవడానికి వెళ్తే ఆగుతుంది. పని అయిపోయి ఒళ్లో పెట్టుకోగానే మళ్లీ మొదలు. నువ్వు వచ్చిన రోజు జేబులో అందుకే దాచుకున్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఎవరికీ అంటే నీకు కూడా అని నేను అర్థం చేసుకున్నాను.

ఆయన చొక్కాలకు గుండీలు తీసేసి లోపల ప్రెస్ బటన్లు వేశాను. పైన మాత్రం గుండీలు ఉత్తుత్తివి కుట్టాను. చూసేవాళ్లకు తేడా తెలియదు. ఎవరైనా వస్తే పడుకున్నారని చెప్తాను. వీధివైపు పరదా వేసే ఉంచుతాను. ఇలా రోజులు గడుస్తున్నాయి.

ఇప్పుడు నీ సీడీ సంగతి. మీ బావ స్నానానికి వెళ్లాక పెట్టాను. ఇస్త్రీ చేస్తూ వింటున్నాను. పాట సగంలో ఉండగా తలమీద తువ్వాలుతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఎవరది?" అన్నారు.

"మీ గావుకేక" అన్నాను. నీకు ఆయన పెట్టిన పేరు ఇంట్లో ఇంకా అదే.

"అరవడం లేదేం?"

"డాక్టరు వద్దన్నాడట."

"ఆ డాక్టరు మొదట్లోనే దొరికి ఉంటే నా చెవులు దక్కేవి."

నవ్వుతూ అన్నారు. తర్వాత నవ్వలేదు. తువ్వాలు నీళ్లు కారుతుంటే అలాగే నిలబడి చివరిదాకా విన్నారు.

"డ్రమ్ము లేదేం?"

"లేదు."

"చోటు వదిలాడు కదా. ఎవరికోసం?"

నేను ఇస్త్రీపెట్టె నిలబెట్టాను. ఆయనతో అబద్ధమాడటం నాకు చేతకాదు. మాట్లాడకుండా ఉండటం వచ్చు. ఇన్నేళ్ల కాపురంలో ఆయనకు నా ఊరుకోవడం చదవడం వచ్చేసింది.

"నన్ను రమ్మన్నాడు కదూ?"

"అవును."

"నువ్వేం రాశావు?"

"రారని రాశాను."

ఆయన కేకలేసే మనిషి కాదు, నీకు తెలుసు. కుర్చీలో కూర్చుని, వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని, "వణికేది చెయ్యి. నోరు బాగానే ఉంది. నన్ను అడగాల్సింది" అన్నారు.

ఆ మాట నాకు తగిలింది. తగలవలసిందే. ఆయన్ని కాపాడుతున్నాననుకుంటూ ఆయన బదులు నేను బతకడం మొదలుపెట్టాను.

సాయంత్రం అటక మీంచి చిన్న డ్రమ్ము ఒక్కటి దింపించారు. కర్రలు వద్దన్నారు. తీగల బ్రష్షులు అడిగారు. వాటితో డ్రమ్ము మీద రుద్దుతూ మెల్లగా వాయించారు. చాలాసేపు వాయించారు. నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నదాన్ని కుళాయి కట్టేశాను.

వేగంగా వాయించడం ఇక కుదరదని డాక్టరు చెప్పాడు. నెమ్మదిగా కూడా ఎన్నాళ్లో చెప్పలేనన్నాడు. ఈ ఏడు ఉన్న చెయ్యి వచ్చే ఏడు ఉండకపోవచ్చునట. కాబట్టి మేం వస్తాం. ఆయన రాయమన్నవి రాస్తున్నాను. గదిలో నువ్వు తప్ప ఎవరూ ఉండకూడదు. అద్దానికి పరదా వెయ్యాలి. ఫోటోలు వద్దు. మందు వేసుకున్న గంట తర్వాత చెయ్యి మాట వింటుంది, ఆ వేళకు అన్నీ సిద్ధంగా ఉండాలి.

నువ్వు జాలిపడితే బస్సెక్కి తిరిగి వచ్చేస్తానని కూడా రాయమన్నారు.

అక్క


స్టూడియో వెనక వీధి, మేడమీది గది
మీరు వెళ్లిన మర్నాడు

అక్కా,

నువ్వు బయట బెంచీ మీద కూర్చుని ఏవో మడతలు కుడుతూ ఉన్నావు. లోపల జరిగింది నీకు తెలియాలి, అందుకే రాస్తున్నాను.

బావ వచ్చి కూర్చున్నాడు. డ్రమ్ము ఎత్తు సరిచేసుకున్నాడు. నా వంక చూసి, "ఏరా గావుకేకా, ముసలాడివైపోయావు" అన్నాడు. పలక మీద "నీకన్నా ఒక నెల చిన్న" అని రాశాను. "ఆ నెల బాగా కనిపిస్తోంది" అన్నాడు. ఇన్నాళ్ల రోషం నాకు అక్కడే కారిపోయింది.

తర్వాత భుజం లేచింది. నేను అందుకున్నాను.

అక్కా, ఎలా చెప్పను. యంత్రం పెట్టుకుని నెలంతా కష్టపడ్డ పాట దానంతటది నడిచింది. ఆయన వాయిస్తున్నంతసేపూ చెయ్యి నిలకడగా ఉంది. కానీ బ్లూస్‌లో వాయించని చోట్లే ఎక్కువ. నేను ఒక మాట పాడి ఆగుతాను, నా చేతిలో గిటారు జవాబిస్తుంది, ఆ కాసేపు డ్రమ్ముకు పనిలేదు. ఆయన చెయ్యి డ్రమ్ము మీద వాలుతుంది. వాలగానే వణుకు మొదలవుతుంది. వేళ్ల మధ్య బ్రష్షు ఉంది కదా, ఆ తీగలు డ్రమ్ము తోలు మీద గలగలమనవు, గరగరమనవు. పక్కగదిలో ఎవరో పల్చటి కాగితం మడత విప్పుతున్నట్టు, విప్పడం ఎంతకీ పూర్తికానట్టు. మళ్లీ భుజం లేచేసరికి ఆ చప్పుడు ఆగిపోయి దెబ్బ పడుతుంది.

మీటల మాస్టారు ఏదో వైరు చెడిందనుకుని పరదా పక్క నుంచి తల పెట్టబోయాడు. నేను వద్దని తల ఊపాను. ఆపలేదు. రెండు పాటలూ అయిపోయాయి. ఇంకోసారి వాయించలేకపోయాడు బావ, మందు బలం తగ్గిపోయింది.

తర్వాత విన్నాం. పాట అయ్యాక బావ నేలవైపు చూస్తూ, "ఆ చప్పుడు తీసెయ్యమను" అన్నాడు. అప్పటికి సంగతి గ్రహించిన మీటల మాస్టారు తీసెయ్యొచ్చన్నాడు. ఖాళీల్లోంచి దాన్నొక్కదాన్నే తుడిచేసే పద్ధతి ఉందట.

నేను తీయించలేను అక్కా. ఈ ఆల్బమ్ మొత్తానికి నేను వెతుకుతున్నది ఆ చప్పుడే. నా పాటలన్నీ కలిపినా అందులో సగం నిజం లేదు. అది తీసేస్తే మళ్లీ హ్యాంగరు మీది చొక్కానే. బావ నా మాట వినడు. నీ మాట వింటాడు. నువ్వు చెప్పు.

నీ తమ్ముడు


ఇల్లు, ముందుగది
నీ ఉత్తరం అందిన రోజే

తమ్ముడికి ఆశీస్సులు.

చెప్పను.

ఆ రోజు బస్సులో కిటికీ పక్కన నేను కూర్చుని, ఆయన చేతిని నా సంచీ కింద పెట్టుకున్నాను. ముందు సీట్లో చిన్నపిల్ల ఒకతె వెనక్కి తిరిగి ఆ సంచీనే చూస్తూ, "అందులో పిల్లి ఉందా?" అని అడిగింది. ఆయన నవ్వి, "ఉంది, నిద్రపోవడం లేదు" అన్నారు. ఆ పిల్ల దిగిపోయాక సంచీని ఒళ్లోకి ఇంకా దగ్గరగా లాక్కున్నారు. ఇల్లు చేరాక, "బాగా వాయించానా?" అని ఒక్కటే అడిగారు. బాగా వాయించారన్నాను.

ఆయన నీకు ఇచ్చింది వాయించినది. వణికినది నీకు ఇవ్వలేదు. నీకు నచ్చినంతమాత్రాన అది నీదవుతుందా?

నీ గొంతులో పైస్థాయి పోయింది. ఆ పోవడాన్ని పాట చేసుకున్నావు, మంచిదే, అది నీ గొంతు. ఆ చెయ్యి ఆయనది.

నీమీద కోపం లేదు. వేళకు తిను.

అక్క


స్టూడియో వెనక వీధి, మేడమీది గది
చలిగాలి మొదలయ్యాక

అక్కా,

నీ ఉత్తరానికి వెంటనే ఒక జవాబు రాసి చించేశాను. అందులో నేను చాలా గొప్ప కళాకారుణ్ణి. నువ్వు చదవకపోవడమే మంచిది.

చప్పుడు తీయించకుండా కొన్నాళ్లు నానబెట్టాను. ఈలోగా కంపెనీ పెద్దాయన పాటలు వినడానికి వచ్చాడు. ఆ రెండు పాటలు విని, "ఇదేం శబ్దం?" అన్నాడు. మీటల మాస్టారు నోరు జారి చెప్పేశాడు. పెద్దాయన కళ్లు వెలిగాయి. "ఇంత మంచి కథ దగ్గర పెట్టుకుని చెప్పరేం సార్? అట్టమీద ఆయన చేతి బొమ్మ వేద్దాం. ఆఖరిసారి వాయించిన చెయ్యి అని ప్రకటనల్లో రాద్దాం. జనం ఏడుస్తారు" అన్నాడు.

నేను చెప్పాలనుకున్న మాటలే అవి అక్కా. నా నోట్లో చాలా అందంగా ఉండేవి. ఆయన నోట్లోంచి వింటే గానీ అవేమిటో నాకు తెలియలేదు.

పలక తీసుకుని "వద్దు" అని రాశాను. ఎందుకన్నాడు. డాక్టరు మాట పక్కనపెట్టి గొంతుతోనే చెప్పాను. "అది మా బావ చెయ్యి, మన సరుకు కాదు" అన్నాను. ఆ ఒక్క ముక్కకే రెండురోజులు గొంతు పట్టేసింది. ఆయన మొహం ముడుచుకుని వెళ్లిపోయాడు. ఆల్బమ్ ఆపేస్తాడేమో అనుకున్నాను, ఆపలేదు.

ఆ సాయంత్రమే మీటల మాస్టారు పక్కన కూర్చుని చప్పుడంతా తుడిపించాను. ఖాళీలు ఖాళీలుగా ఉన్నాయిప్పుడు. శుభ్రంగా ఉంది. చెడ్డగా లేదు. అంతకన్నా చెప్పలేను.

రెండు సీడీలు పంపుతున్నాను. పైన తెల్లకాగితం చుట్టినది తుడిచినది, అదే బయటికి వస్తుంది. రెండోది తుడవనిది. దాన్ని ఎక్కడా లేకుండా చెరిపెయ్యమని మీటల మాస్టారికి చెప్పబోయి చెప్పలేకపోయాను. నా దగ్గర మాత్రం ఉండకూడదు, ఉంటే ఏదో ఒక రోజు నా బుద్ధి మారుతుంది. అందుకే సీడీలోకి ఎక్కించాక ఇక్కడున్నది తీయించేశాను. నీ చేతుల్లో పెడుతున్నాను. పారెయ్యాలన్నా, దాచాలన్నా నీ ఇష్టం. బావకు చెప్తావో లేదో కూడా నీ ఇష్టం.

నేను ఆయన్ని వాడుకోబోయానని తెలిసి ఇంకోసారి వాయించడానికి వస్తాడో రాడో. అడిగే మొహం నాకు లేదు.

నీ తమ్ముడు


ఇల్లు, ముందుగది
మూడురోజులు ఆలోచించాక

తమ్ముడికి ఆశీస్సులు.

నా ఇష్టం అని రాశావు. ఒకసారి ఆయన బదులు నేను నిర్ణయించి చూశాను. ఇంకోసారి చెయ్యదలచుకోలేదు.

రెండు సీడీలూ ఆయన ముందు పెట్టాను. ఏది ఏమిటో చెప్పాను. నీ ఉత్తరం కూడా చదివి వినిపించాను, పెద్దాయన మాటలతో సహా. నీ గురించి నువ్వు రాసుకున్న ముక్క కూడా దాచలేదు. ఆయన అంతా విని, "గొంతుతోనే చెప్పాడా?" అని అడిగారు. అవునన్నాను. "వెధవ, ఇంకా పాడాల్సిన పాటలున్నాయి" అన్నారు.

ముందు తుడిచినది పెట్టమన్నారు. కళ్లు మూసుకుని విన్నారు. "ఊఁ" అన్నారు.

రెండోది తనే పెట్టుకుంటానన్నారు. నన్ను బయటికి వెళ్లమన్నారు. తలుపు దగ్గరగా వేసి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. చేతిలో ఎవరిదో చొక్కా ఉంది, కుట్టలేదు. లోపలి నుంచి నీ గొంతు వినిపిస్తోంది, మధ్యమధ్య అది ఆగితే ఆ చప్పుడు. దుప్పటి మీద రోజూ నా పక్కన వినిపించే చప్పుడే. నాకది పాటలో వినడం కొత్త. ఏడవలేదు. కానీ ఆయన ఆ సీడీ విరిచేస్తే నేను ఏమీ అనకూడదని మనసు గట్టి చేసుకున్నాను.

మొదటి పాట అయిపోయింది. మళ్లీ అదే పెట్టుకున్నారు. మళ్లీ అయిపోయింది. అలా ఎన్నిసార్లు విన్నారో నేను లెక్కపెట్టలేదు. చివరికి తలుపు తీసుకుని ఆయనే బయటికి వచ్చారు. పట్టపగలు, వీధిలో జనం ఉండగా, మెట్ల మీద నా పక్కన కూర్చున్నారు.

"రెండో చరణం విన్నావా?" అన్నారు.

"విన్నాను."

"వాడు తొందరపడ్డాడు. నా దెబ్బ పడకముందే అందుకున్నాడు. ఇన్నేళ్లలో వాడు అలా ఎప్పుడూ అందుకోలేదు."

నాకు తేడా తెలియదన్నాను.

"నాకు తెలుసు. ఆ రోజు అక్కడే తెలిసింది, అనలేదు. ఆ చరణం మొదట్లో వాడు నా భుజం చూడటం లేదు. నా చెయ్యి చూస్తున్నాడు. చెయ్యి చూస్తే తాళం ఎలా దొరుకుతుంది?"

ఆయనకు మాటలు వచ్చేశాయి. నువ్వు ఇరవయ్యేళ్ల వయసులో చేసిన తప్పుల దగ్గర్నుంచీ మొదలుపెట్టారు. పక్కింటి ఆయన కూరగాయల సంచీతో వెళ్తూ ఆగి, "ఏమండీ, బొత్తిగా నల్లపూస అయిపోయారు" అన్నారు. ఈయన వణికే చేత్తోనే కూర్చోమని మెట్టు చూపించారు. ఆయన కాసేపు కూర్చున్నారు. చెయ్యి చూశారు. ఎప్పటి నుంచి అని అడిగారు. ఈయన చెప్పారు. జబ్బు పేరు కూడా చెప్పారు. మా గుమ్మంలో ఆ పేరు వినిపించడం అదే మొదలు.

ఆయన వెళ్లాక అడిగాను, ఆ చప్పుడు సంగతి ఏం చెయ్యమంటారని. "ముందు వాణ్ణి మళ్లీ పాడమను. ఆ పాట అలా బయటికి వెళ్లడానికి వీల్లేదు, చప్పుడు ఉన్నా సరే, లేకపోయినా సరే. నేను వచ్చి వాయిస్తాను. అయ్యాక విని చెప్తాను. ఇప్పుడే మాట ఇవ్వను" అన్నారు. ఉంచమంటే ఉంచు. తీసెయ్యమంటే తీసెయ్యి. రెండోసారి అడగకు.

బుధవారం బస్సుకు వస్తున్నాం. మందు వేళ నేను చూసుకుంటాను. మీటల మాస్టారు ఎదురుగానే కూర్చోవచ్చట. నన్ను కూడా లోపలికి రమ్మన్నారు, కుట్టుపని తేకుండా.

ఇన్నాళ్లూ పొద్దున్నే దేవుణ్ణి ఆ చెయ్యి ఆగాలని అడుగుతూ వచ్చాను. ఇవాళ అది అడగలేదు. బుధవారం నీ కళ్లు ఎక్కడుండాలో అక్కడ ఉండాలని అడిగాను.

అక్క